ప్రేమలేఖ తెచ్చిన తెగులు

పూర్వము మన ఊళ్ళలో అప్పుడప్పుడు ఒక చిత్రమైన పోస్టుకార్డు తిరుగుచుండెడిది. పంపినవారి పేరు దానిపై ఉండదు. ఫలానా దేవుని మహిమను నాలుగు వాక్యములలో చెప్పి, ఈ కార్డు అందినవారు ఇట్టివే మరికొన్ని వ్రాసి బంధుమిత్రులకు పంపవలెననియు, పంపినచో శుభమనియు, చింపి పారవేసినచో కీడనియు అందులో వ్రాసి యుండును. నమ్మి వ్రాసినవారు కొందరు. నమ్మకపోయినను ఎందుకైనను మంచిదని వ్రాసినవారు అంతకంటె ఎక్కువమంది. ఆ కార్డునకు స్వంతముగా కాళ్ళు లేవు. చదివినవాని భయమే దానికి కాళ్ళు, చదివినవాని కలమే దానికి చేయి.

ఆ కార్డే తన ప్రతులను తాను వ్రాసికొని, మన చిరునామాల పుస్తకమును తానే తెరచి, అందున్న ప్రతివానికిని మన పేరుతోనే పోస్టు చేయగలిగినచో ఎట్లుండును? ఈ-మెయిలు వైరస్ అనగా సరిగా అదియే. అది ఎట్లు పుట్టినది, లోకము దానిని ఎట్లు ఎదుర్కొన్నది అను కథ ఏబది సంవత్సరముల నాటిది. అందులో పొరపాట్లు చేసినవారు వాడుకదార్లు మాత్రమే కారు.

ముందుగా ఒక అపోహను తొలగింపవలసి యున్నది. కంప్యూటరు వైరస్ సూక్ష్మజీవి కాదు. చెప్పులు బయట విడిచి రమ్మని ఆదేశించిన ఒక పాఠశాల కంప్యూటరు గదిలో, వైరస్ రాకుండుటకే ఆ నియమము పెట్టినారని దృఢముగా నమ్మిన విద్యార్థులను ఈ వ్యాసకర్త స్వయముగా చూచి యున్నాడు. దుమ్ము యంత్రమునకు చెరుపే గాని, వైరస్ దుమ్ములో ఉండదు. కంప్యూటరు చేయు ప్రతి పని వెనుకను ఒక ఆదేశముల పట్టిక ఉండును. దానినే ప్రోగ్రాము అందురు. ఆ ఆదేశములలో "ఈ పట్టికకు మరియొక ప్రతి తీయుము" అనునది కూడ చేర్చినచో, అట్టి ప్రోగ్రాము తన సంతతిని తానే పెంచుకొనును. అంతకుమించిన మాయ అందులో లేదు.

యంత్రము తన వంటి యంత్రమును తానే సృజింపగలదా అను ప్రశ్నను గణితశాస్త్ర దృష్టితో విచారించినవాడు జాన్ వాన్ నాయ్‌మన్. 1949లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆయన ఇచ్చిన ఉపన్యాసములలో దీనిని గూర్చి చెప్పినాడు. యంత్రమునకు తన వర్ణనము తనయందే ఉండవలెను. ఆ వర్ణనమును ఒకమారు ఆదేశముగా పాటింపవలెను, ఒకమారు అర్థము చూడక ఉన్నదున్నట్లు ప్రతి తీయవలెను. జీవకణములోని డి.ఎన్.ఏ. నిర్మాణము తెలిసినది 1953లో. అది కూడ ఇట్లే రెండు విధముల ఉపయోగపడుచున్నదని తరువాత తేలినప్పుడు, వాన్ నాయ్‌మన్ ఊహ ఎంత లోతైనదో జీవశాస్త్రజ్ఞులకు బోధపడెను. ఆయన 1957లో మరణించెను. ఆ ఉపన్యాసములు 1966లో గాని గ్రంథరూపమున రాలేదు.

ఊహ ఆచరణమునకు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1971లో అమెరికాలోని పరిశోధనశాలలను కలుపుచుండిన ఆర్పానెట్ అను తంత్రీజాలముపై బాబ్ థామస్ అను నాతడు క్రీపర్ అను ప్రోగ్రామును వదలెను. అది ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి ప్రాకుచు, "నేను క్రీపరును, చేతనైనచో పట్టుకొనుము" అను అర్థము గల వాక్యమును చూపుచుండెను. హాని ఏమియు చేయలేదు. దానిని వెదకి తుడిచివేయుటకు రే టామ్లిన్‌సన్ రీపర్ అను మరియొక ప్రోగ్రామును వ్రాసెను. ఈ టామ్లిన్‌సనే అదే సంవత్సరమున రెండు కంప్యూటర్ల మధ్య మొట్టమొదటి ఈ-మెయిలు పంపినవాడు. చిరునామా మధ్యలో మనము నేటికిని వ్రాయు "ఎట్" గుర్తును ఎన్నుకొన్నవాడును ఆతడే. ఉత్తరము, దొంగను వెంటాడు భటుడు ఒకే చేతి నుండి వెలువడుట చరిత్రలో ఒక చమత్కారము.

వైరస్ అను పేరు తరువాత వచ్చినది. 1983లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి ఇట్టి ప్రోగ్రామును తరగతిలో నడిపి చూపగా, ఆచార్యుడు లెనార్డ్ ఏడిల్మన్ దానికి ఆ పేరు సూచించెను. కోహెన్ 1984లో ప్రకటించిన వ్యాసములో ఒక చిన్న తర్కము ఉన్నది. ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అర్థము కాగలది గనుక ఇక్కడ చెప్పుచున్నాను.

ఏ ప్రోగ్రామును చూపినను, ఇది వైరసా కాదా అని ఎన్నడును తప్పక చెప్పగల పరీక్షకుడు ఒకడు కలడనుకొందము. అప్పుడు ఒక తుంటరి ఇట్టి ప్రోగ్రామును వ్రాయును: "ముందుగా ఆ పరీక్షకునికి నన్ను నేనే చూపించుకొందును. ఆతడు నన్ను వైరస్ అన్నచో ఏమియు చేయక ఊరకుందును. కాదన్నచో వ్యాపింతును." ఇప్పుడు పరీక్షకుడు ఏమని చెప్పవలెను? వైరస్ అన్నచో అది వ్యాపింపదు. కనుక ఆతని మాట తప్పు. కాదన్నచో అది వ్యాపించును, అప్పుడును తప్పే. కావున అట్టి పరీక్షకుడు ఉండుట అసంభవము. వైరసులను పట్టు ప్రోగ్రాములను అమ్మువారు పెట్టెపై ఏమి వ్రాసినను, సంపూర్ణ రక్షణ అనునది గణితము ఒప్పుకొనని మాట. ఐనను నిరాశకు కారణము లేదు. ఎందుకో ముందు తెలియగలదు.

మొదటి వైరసులు ఉత్తరములలో గాక ఫ్లాపీ డిస్కులలో ప్రయాణము చేసినవి. 1986లో లాహోరు నుండి బయలుదేరిన బ్రెయిన్ అట్టిది. చేతి నుండి చేతికి మారవలసినంత కాలము దాని వేగము మనిషి నడక వేగమే. ఉత్తరముతో వేగమెంత పెరుగునో 1987 డిసెంబరులో తెలిసినది. పశ్చిమ జర్మనీలోని క్లౌస్తాల్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు పండుగ శుభాకాంక్షలుగా ఒక చిన్న ప్రోగ్రామును మిత్రులకు పంపెను. దానిని నడిపినచో తెరపై నక్షత్రపు గుర్తులతో క్రిస్మసు చెట్టు బొమ్మ కనబడును. చూచువాడు సంతోషించుచుండగనే అది ఆతని చిరునామాల జాబితాను చదివి, అందున్న అందరికిని తనను తాను పంపుకొనును. ప్రోగ్రాము మొదట ఒక గమనిక కూడ ఉండెను: దీనిని చదువుట విసుగు, నడిపి చూడుడు అని. చదివినవాడు కుట్రను కనుగొనును గదా! అది ఐరోపా విశ్వవిద్యాలయముల జాలము నుండి అమెరికాకు, అచ్చటి నుండి ఐ.బి.ఎమ్. కంపెనీ స్వంత జాలమునకు ప్రాకి, ఉత్తరముల రద్దీతో వాని నడకనే స్తంభింపజేసెను.

మరుసటి సంవత్సరము నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అను పరిశోధక విద్యార్థి విడిచిన ప్రోగ్రాము ఇంటర్నెట్టును కుదిపివేసెను. అది ఉత్తరము రూపమున రాలేదు గాని, అది చొరబడిన ద్వారములలో ఒకటి ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములో పరీక్షల కొరకు తెరచి, మూయుట మరచిన తలుపు. ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇట్టి ఉపద్రవములను ఎదుర్కొను సర్ట్ అను కేంద్రమును స్థాపించిరి. మన దేశమున అట్టి సంస్థ 2004లో ఏర్పడినది.

ఆ రోజులలో ఈ-మెయిలు అనగా వట్టి అక్షరములే. 1992లో ఉత్తరముతో పాటు బొమ్మను, పాటను, మరే ఫైలునైనను జతపరచి పంపు పద్ధతి ఏర్పడినది. ఉత్తరము కాస్త పార్సెలుగా మారినది. వట్టి ఉత్తరమును కంప్యూటరు చూపునే గాని పాటింపదు. కావున 1994లో "గుడ్ టైమ్స్" అను శీర్షిక గల ఉత్తరమును చదివినంతనే డిస్కు తుడిచిపెట్టుకొని పోవునని లోకమంతయు గగ్గోలు పుట్టినప్పుడు, తెలిసినవారు నవ్వి, చదివినంత మాత్రమున వైరస్ రాదని నచ్చజెప్పిరి. నిజమునకు అట్టి వైరసే లేదు. "ఈ హెచ్చరికను మీ వారందరికి పంపుడు" అను ఆ హెచ్చరికయే వైరస్. అది మనుష్యుల ద్వారా వ్యాపించినది. మన పోస్టుకార్డునకు ఇది తమ్ముడు. అయితే పండితుల ధీమా అయిదేండ్లే నిలచినది. ఉత్తరములను రంగులతో హంగులతో అలంకరించుటకై వెబ్ పుటల భాషలో వ్రాయనిచ్చి, అందులో ఆదేశములకు కూడ చోటిచ్చిరి. 1999 నవంబరులో బబుల్‌బాయ్ అను వైరస్, ఒక లోపమును సరిదిద్దని యంత్రములలో, ఉత్తరము తెరచినంతనే పని చేసెను. అది అంతగా వ్యాపింపలేదు గాని, అసంభవమన్నది సంభవమైనది.

అదే సంవత్సరము మార్చి 26న మెలిస్సా బయలుదేరినది. అది వర్డ్ పత్రములో దాగిన మాక్రో, అనగా పత్రమును తెరచినప్పుడు తనంత తాను నడచు చిన్న ప్రోగ్రాము. "మీరడిగిన పత్రము ఇదిగో, మరెవరికిని చూపకుడు" అని ఉత్తరము. తెరచినచో చిరునామాల పుస్తకములోని మొదటి 50 మందికి పోవును. ఇక్కడ విద్యార్థులు పలక తీసికొనవచ్చును. 50 మంది ఒక్కొక్కరు 50 మందికి పంపినచో 2,500. మూడవ విడతకు 1,25,000. అయిదవ విడతకు 31 కోట్ల 25 లక్షలు! నిజముగా అంత కాదు. పేర్లు మరల మరల అవియే వచ్చును, అందరును తెరువరు. అయితే అసలు కిటుకు ఆ తెరచువారి సంఖ్యలోనే ఉన్నది. పంపబడిన 50 మందిలో సగటున ఇద్దరు తెరచిరనుకొందము: 2, 4, 8 అని పెరిగి ఇరువదవ విడతకు పది లక్షలు దాటును. ఒక్కడే తెరచినచో పెరుగుటయు లేదు, తరుగుటయు లేదు. ఒకటికి తగ్గినచో, ఎవరును ఏమియు చేయకున్నను తెగులు తనంతట అణగిపోవును. మశూచికి టీకాలు వేయునప్పుడు పాటించిన లెక్కయు ఇదియే. సంపూర్ణమైన పరీక్షకుడు లేడని కోహెన్ నిరూపించినను నిరాశ వలదని పైన చెప్పుటకు కారణమిది: రక్షణ నూటికి నూరు పాళ్ళు ఉండనక్కరలేదు, ఆ సంఖ్యను ఒకటికి దిగువకు తెచ్చిన చాలును.

మెలిస్సా మరియొక పాఠము కూడ చెప్పినది. తెలియనివారి ఉత్తరములను తెరవకుము అని అంతవరకు అందరు ఉపదేశించుచుండిరి. ఇది వచ్చినది తెలిసినవారి నుండియే! చిరునామాల పుస్తకములో ఉండువారు మిత్రులు, బంధువులు, పై అధికారులు గదా. దానిని వ్రాసిన డేవిడ్ స్మిత్ అను అమెరికా దేశీయుడు వారము తిరుగక ముందే పట్టుబడి, 2002లో ఇరువది మాసముల కారాగారశిక్ష పొందెను. కాని లోకము ఆ పాఠమును నేర్చికొనలేదు.

2000 మే 4, గురువారము. ఫిలిప్పీన్సు రాజధాని మనీలాలో "ఐ లవ్ యూ" అను శీర్షికతో ఒక ఉత్తరము బయలుదేరెను. నా నుండి వచ్చుచున్న ప్రేమలేఖను దయతో చూడుడు అని ఒక్క వాక్యము, దానికి జతపరచిన ఒక ఫైలు. తూర్పున తెల్లవారి ఉద్యోగులు కార్యాలయములకు చేరుచున్నకొలది అది సూర్యునితో పాటు పడమటికి సాగెను: హాంకాంగు, ఐరోపా, అటు పిమ్మట అమెరికా. బ్రిటిషు పార్లమెంటు తన మెయిలును కొంతసేపు ఆపుకొనవలసి వచ్చినది. కొద్ది దినములలో కోట్లాది ఉత్తరములు తిరిగినవి. మెలిస్సా 50 మందితో తృప్తి పడగా, ఇది పుస్తకములోని చివరి పేరు వరకు ఎవరిని విడువలేదు. అంతేకాక డిస్కులోని ఫొటోలు మొదలగు ఫైళ్ళను వెదకి, వాని స్థానమున తన ప్రతిని వ్రాసెను. పాటల ఫైళ్ళను మాత్రము చెరపక దాచి, ఆ పేర్లతో తన ప్రతులను పెట్టెను. ఇంటర్నెట్టు సంకేతపదములను దొంగిలించు మరియొక ప్రోగ్రామును మనీలాలోని ఒక సర్వరు నుండి దించుకొనుటకు కూడ ప్రయత్నించెను.

ఇంతమంది చదువుకొన్నవారు ఎట్లు మోసపోయిరి? ప్రేమ అను మాటకు లొంగిరని పత్రికలు ఎగతాళి చేసినవి. ఈ వ్యాసకర్త దానితో ఏకీభవింపడు. ఫైలు పేరులో చివరి చుక్క తరువాతి అక్షరములు అది ఏ జాతిదో చెప్పును. టి.ఎక్స్.టి. అని యున్నచో అది వట్టి అక్షరముల పత్రము; తెరచినను భయము లేదు. వి.బి.ఎస్. అని యున్నచో ఆదేశముల పట్టిక; తెరచుటయనగా నడుపుటయే. ఆ ప్రేమలేఖ పేరు "లవ్ లెటర్ ఫర్ యూ" చుక్క టి.ఎక్స్.టి. చుక్క వి.బి.ఎస్. అయితే వాడుకదార్లకు తికమక కలుగకుండుటకని, విండోసు తనకు తెలిసిన జాతులవైనచో చివరి అక్షరములను మామూలుగా దాచివేయుచుండెను. కావున చాల తెరలపై ఆ పేరు టి.ఎక్స్.టి.తోనే ముగిసినట్లు కనబడెను. దాని ప్రక్కన గుర్తుగా చూపిన బొమ్మయు కాగితపు చుట్ట వంటిదే! జాగ్రత్తపరుడైన మనిషి పేరు చూచి, ఇది వట్టి పత్రమే గదా యని తెరచెను. మాయలేడిని చూచి మోసపోయిన సీతను నిందింతుము గాని, ఇచ్చట లేడికి బంగారు పూత పూసినది వాడుకదారు స్వంత యంత్రమే. అతడు చూడవలసిన మూడక్షరములను అదియే కప్పిపుచ్చినది. పైగా ఏ ప్రోగ్రామైనను అడుగకయే చిరునామాల పుస్తకము తెరచి, యజమాని పేరుతో ఉత్తరములు పంపుటకు ఆ మెయిలు పద్ధతి అనుమతించెను. ఇంటికి తలుపులు పెట్టని మేస్త్రి, దొంగ పడినాడని ఇంటివానిని గద్దించుట వంటిది ఆనాటి ఉపదేశము.

తలుపులు పెట్టుట ఆ తరువాతనే ఆరంభమైనది. 2000 జూనులో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఔట్‌లుక్ అను మెయిలు ప్రోగ్రామునకు ఒక సవరణ విడుదల చేసెను. వి.బి.ఎస్. వంటి జాతుల ఫైళ్ళను అది తెరవనీయదు. మరియొక ప్రోగ్రాము చిరునామాలను చూడబోయినచో యజమాని అనుమతి అడుగును. మెలిస్సా వచ్చిన పదునాలుగు మాసములకు, కోట్ల నష్టము జరిగిన పిమ్మట! వేసికొనక అలసత్వము చూపినవారి కొరకు 2001 ఫిబ్రవరిలో అన్నా కోర్నికోవా అను టెన్నిసు క్రీడాకారిణి ఫొటో పేరుతో అదే కపటము మరల వచ్చినది. దానిని పంపిన డచ్చి యువకుడు స్వయముగా ప్రోగ్రాము వ్రాయుట కూడ ఎరుగడు. తయారుగా దొరకిన సాధనముతో కూర్చెను.

చట్టముల సంగతి మరియొకటి. మనీలా పోలీసులు అనుమానితులను పట్టుకొన్నారు గాని, వైరస్ వ్రాయుట నేరమని చెప్పు చట్టము అప్పటికి ఆ దేశమున లేదు. ఆగస్టులో అభియోగములు కొట్టివేయబడినవి. జూన్ 14న చేసిన క్రొత్త చట్టము గడచిన మే నెలకు వర్తింపదు. ఆ దినములలోనే మన పార్లమెంటు సమాచార సాంకేతిక చట్టమును ఆమోదించినది. 2000 అక్టోబరు 17న అది అమలులోనికి వచ్చెను. దాని 43వ సెక్షను కంప్యూటరు వైరసును నిర్వచించి, యజమాని అనుమతి లేక దానిని ప్రవేశపెట్టినవాడు కోటి రూపాయల వరకు పరిహారము చెల్లింపవలెనని విధించెను. 2008 నాటి సవరణ ఆ పరిమితిని తొలగించి, కపటబుద్ధితో చేసినచో మూడేండ్ల వరకు ఖైదు గల నేరముగా కూడ చేసెను.

మిగిలినది పంపినవాని పేరు సమస్య. ఈ-మెయిలును చేరవేయు నియమములు 1982లో వ్రాయబడినవి. అప్పుడు వాడుకదార్లు కొద్దిమంది, ఒకరికొకరు ఎరిగినవారు. కవరు వెనుక ఎవరి పేరు వ్రాసినను పోస్టుమాను అడుగనట్లే, ఈ నియమములును పంపినవాని చిరునామాను పరీక్షింపవు. 2004 జనవరిలో వచ్చిన మైడూమ్ దీనిని వాడుకొన్నది. దొంగ చిరునామాల నుండి, మీ ఉత్తరము చేరలేదు అను తపాలా నోటీసు వలె వేషము వేసికొని వచ్చెను. దానిని పట్టిన రక్షక ప్రోగ్రాములు కొన్ని, మీరు వైరస్ పంపితిరి అని ఆ దొంగ చిరునామాల సొంతదార్లకు జవాబులు వ్రాసి రద్దీని మరింత పెంచినవి! దీనికి విరుగుడుగా 2007లో ప్రమాణమైన డికిమ్ అను పద్ధతి ప్రకారము, పంపు సంస్థ ప్రతి ఉత్తరము మీదను గణితముతో చేసిన ముద్ర వేయును; అందుకొను సంస్థ దానిని సరిచూచును. ఈ ముద్రలో ఎక్కువగా వాడబడునది ఆర్.ఎస్.ఏ. అను సంకేత విధానము. అందలి చివరి అక్షరము, వైరసునకు పేరు పెట్టిన ఏడిల్మన్‌దే.

ముద్ర పంపినవానిని తెలుపును గాని వాని యంత్రము ఆరోగ్యమును తెలుపదు. 2014లో బయటపడిన ఎమొటెట్ కాలక్రమమున ఒక నేర్పు సంపాదించినది. పట్టుబడిన యంత్రములోని పాత ఉత్తరములను దొంగిలించి, జరుగుచున్న సంభాషణకే జవాబుగా వచ్చును. శీర్షిక మనదే, క్రింద మనము వ్రాసిన మాటలును ఉండును. 2021 జనవరిలో పలు దేశముల పోలీసులు కలసి దాని సర్వరులను స్వాధీనము చేసికొనిరి. ఆ ఏడాది చివరకే అది మరల తలయెత్తెను. ఇంటర్నెట్టు నుండి వచ్చిన పత్రములలోని మాక్రోలను మామూలుగా ఆపివేయుట 2022లో గాని ఆరంభము కాలేదు. మెలిస్సా నుండి లెక్కించిన ఇరువది మూడేండ్లు.

పాఠశాలలోని ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి ఉన్నది. కంప్యూటరు గదిలోని యంత్రములలో ఫైలు పేర్ల చివరి అక్షరములు కనబడునట్లు అమర్చి, ఒక ఫైలుకు రెండు చుక్కల పేరు పెట్టి, అమరికను మార్చి మార్చి పిల్లలకు చూపవలెను. ఐదు నిమిషముల పని. ఎదురుచూడని జతఫైలు మిత్రుని నుండి వచ్చినచో ఆ ఉత్తరమునకే జవాబిచ్చి విచారించుట వ్యర్థము, ఆ జవాబును చదువునది వైరస్ పంపినవాడే కావచ్చును, టెలిఫోనులో అడుగవలెను. సవరణలను వచ్చినప్పుడే వేసికొనవలెను. పోగొట్టుకొనగూడని ఫొటోలకు, పత్రములకు ఒక ప్రతిని యంత్రము నుండి వేరు చేసి ఉంచవలెను. ప్రేమలేఖ చెరపిన ఫొటోలు తిరిగి దొరకినది అట్టి ప్రతి ఉన్నవారికే.

ఆ ప్రేమలేఖను వ్రాసినది తానేనని ఒనెల్ డి గుజ్మన్ చాలకాలము ఒప్పుకొనలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఇతరుల ఇంటర్నెట్టు సంకేతపదములను దొంగిలించు ప్రోగ్రామును ఆతడు తన పరిశోధనాంశముగా ప్రతిపాదింపగా, కళాశాల నిరాకరించి యుండెను. ఇరువది సంవత్సరముల పిమ్మట ఒక బ్రిటిషు పత్రికారచయిత వెదకుచు పోగా, ఆతడు మనీలాలో ఒక చిన్న కొట్టులో సెల్‌ఫోనులు బాగుచేయుచుండెను. వ్రాసినది తానేనని అప్పుడు చెప్పెను. ఆ రోజులలో ఇంటర్నెట్టునకు చెల్లించుటకు తన వద్ద డబ్బు లేదనియు, ఇతరుల సంకేతపదములు దొరకినచో ఉచితముగా వాడుకొనవచ్చునని తలచితిననియు, అది అంత దూరము పోవునని ఊహింపలేదనియు ఆతని మాట. 2020 మే నెలలో ఆ సంగతి ప్రకటితమైనది.